ఒక చుట్టు పరుగు: కల్లెడ నుండి పారిస్ వరకు

2024 మే 20వ తేదీన జపాను దేశంలోని కోబే నగరంలో వికలాంగ క్రీడాకారుల ప్రపంచ పోటీలు జరుగుతున్నవి. ఆనాటి స్త్రీల 400 మీటర్ల పరుగులో ఒక తెలుగు యువతి 55.07 సెకండ్లలో గీతను దాటింది. అంతకు ముందు సంవత్సరం పారిస్‌లో అమెరికా దేశస్థురాలు బ్రియానా క్లార్క్ నెలకొల్పిన ప్రపంచ రికార్డు 55.12 సెకండ్లు. రెంటికీ తేడా సెకండులో నూరింట అయిదు వంతులు మాత్రమే. మనం ఒకసారి రెప్ప వాల్చి తెరవడానికి ఇంతకు రెండింతలైనా పడుతుంది. ఆ వేగంతో పరుగెత్తే మనిషి ఆ కాస్త కాలంలో సాగే దూరం 36 సెంటీమీటర్లు. బడిపిల్లవాని సంచిలో ఉండే కొలబద్ద కంటె నాలుగు వ్రేళ్లు ఎక్కువ.

ఆ కొలబద్దంత దూరంలో ప్రపంచంలో అందరికంటె ముందు నిలిచిన ఆ యువతి పేరు జీవాంజి దీప్తి. ఊరు కల్లెడ. వరంగల్లు జిల్లా, పర్వతగిరి మండలం. 2016 అక్టోబరులో పాత వరంగల్లు జిల్లాను విడదీసి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మొదలైన జిల్లాలను ఏర్పాటు చేశారు. కల్లెడ వరంగల్లు భాగంలోనే ఉండిపోయింది గాని, నేల తీరూ బ్రతుకు తీరూ చుట్టుపట్ల జిల్లాలకు వేరు కాదు. అవే చెలక భూములు, అదే పత్తి, మిరప, అవే కూలి పనులు. దీప్తి తలిదండ్రులు కూలి చేసుకొని బ్రతికినవారే. ఉన్న కొద్దిపాటి భూమిని కూడ కష్టకాలంలో అమ్ముకొన్నారు.

ఈ పరుగు ఎట్లా సాధ్యమైనదో తెలుసుకోవాలంటే రెండు విషయాలు చూడాలి. మొదటిది ఆమెను ఊరు ఏమన్నది, శాస్త్రం ఏమన్నది అనేది. రెండవది 400 మీటర్ల పరుగు మనిషి శరీరాన్నీ మెదడునూ ఏమి అడుగుతుంది అనేది. ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవి.

దీప్తి పుట్టినప్పుడు తల చిన్నది, పెదవులూ ముక్కూ కొంచెం వేరుగా ఉన్నవి. మాటలు ఆలస్యంగా వచ్చినవి, చెప్పినది గ్రహించడానికి సమయం పట్టేది. ఊళ్లో కొందరు పిచ్చిపిల్ల అన్నారు, మరికొందరు కోతి అన్నారు. ఎక్కడైనా అనాథాశ్రమంలో వదలి రమ్మని తలిదండ్రులకు సలహా చెప్పినవారూ ఉన్నారు. ఇవన్నీ ఆమె తల్లి తరువాతి కాలంలో పత్రికల వారితో చెప్పుకొన్న మాటలు. బిడ్డ సూర్యగ్రహణం వేళ పుట్టినదని కూడ ఆమె అన్నది. ఆ మాట కల్లెడలోనే కాదు, మన ఊళ్లన్నిటిలోనూ వినబడేదే. గ్రహణం నాడు గర్భిణి కత్తి పట్టరాదు, కూర తరుగరాదు, బయటికి రారాదు అని చెప్పని ఇల్లు ఎక్కడున్నది?

గ్రహణాల విషయంలో ఒక సౌకర్యం ఉన్నది. అవి నమ్మకాల మీద ఆధారపడవు, లెక్క మీద నడుస్తవి. గడిచిన వేల ఏళ్లలో ఏ రోజున గ్రహణం పట్టినదో వెనుకకు గణించి చెప్పవచ్చును. దీప్తి పుట్టిన తేదీగా నమోదైనది 2003 సెప్టెంబరు 27. ఆ సంవత్సరం సూర్యగ్రహణాలు రెండే. ఒకటి మే 31న, వలయ గ్రహణం. ఆ వలయం కనబడినది ఐస్‌లాండు, గ్రీన్‌లాండు ప్రాంతాలలో. రెండవది నవంబరు 23న, సంపూర్ణ గ్రహణం. ఆ నీడ పడినది దక్షిణ ధ్రువపు మంచుఖండం మీద. సెప్టెంబరులో అమావాస్య 26వ తేదీన వచ్చింది గాని, ఆనాడు చంద్రుడు సూర్యునికి సరిగా అడ్డు రాలేదు. చంద్రుని కక్ష్య భూమి కక్ష్యకు దాదాపు 5 డిగ్రీలు వాలి ఉండడం చేత ప్రతి అమావాస్యకూ గ్రహణం పట్టదు. కన్నబిడ్డకు కష్టం వచ్చినప్పుడు తల్లి కారణం వెదకుకొంటుంది, చుట్టుపక్కల వారు అందించిన కారణాన్నే పట్టుకొంటుంది. అందులో ఆమె తప్పేమీ లేదు. ఆ కారణాన్ని తరతరాలుగా అందిస్తూ వచ్చిన మనదే లోపం.

గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదలకు నిజంగా అడ్డు తగిలేవి వేరే ఉన్నవి. తల్లి ఆహారంలో అయొడిన్ చాలకపోవడం వాటిలో ముఖ్యమైనది. ప్రపంచమంతటా మందబుద్ధికి నివారించదగిన కారణాలలో ఇదే పెద్దదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అయొడిన్ కలిపిన ఉప్పు వాడడం ఇందుకే. గర్భవతికి సోకే కొన్ని అంటురోగాలు, కాన్పు సమయంలో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, జన్యువులలోని మార్పులు మరికొన్ని కారణాలు. ఏ బిడ్డ విషయంలో ఏది కారణమో తేల్చవలసినది వైద్యుడు. కత్తిపీటకూ కూరగాయలకూ ఇందులో పాత్ర లేదు.

కల్లెడలో గ్రామీణాభివృద్ధి సంస్థ వారి పాఠశాల ఒకటి ఉన్నది. దీప్తి అక్కడ చదివింది. పాఠాలలో వెనుకబడిన ఈ పిల్ల మైదానంలో మాత్రం ఎవరికీ చిక్కడం లేదని మొదట కనిపెట్టినవాడు అక్కడి వ్యాయామోపాధ్యాయుడు. తరువాత ఆమె పరుగును భారత క్రీడా ప్రాధికార సంస్థ శిక్షకుడు నాగపురి రమేష్ చూచారు. ఆయన 2016లో ద్రోణాచార్య పురస్కారం పొందినవారు, ద్యుతీ చంద్ వంటి పరుగు రాణులకు శిక్షణ ఇచ్చినవారు. పిల్లను హైదరాబాదుకు పంపమని ఆయన అడిగితే, ఆ కుటుంబానికి బస్సు ఖర్చు కూడ సమస్యే అయింది. ఏమైతేనేమి, ఆమె హైదరాబాదు చేరింది. కొంతకాలం మామూలు క్రీడాకారులతోనే పోటీపడింది కూడ.

అక్కడ, బాడ్మింటన్ శిక్షకుడు పుల్లెల గోపీచంద్ సూచన మీద, ఆమెను సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థకు తీసుకొనివెళ్లి పరీక్ష చేయించారు. 1984లో స్థాపించిన ఈ సంస్థ పేరు ఇప్పుడు మారింది గాని, పని అదే. ఊరు పిచ్చి అన్న దానిని ఇక్కడ కొలిచారు. కొలత అన్న మాటను ఇక్కడ గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే తిట్టుకూ కొలతకూ పెద్ద తేడా ఉన్నది. తిట్టు మనిషిని మొత్తంగా కొట్టివేస్తుంది. కొలత ఏ పనిలో ఎంత లోటు ఉన్నదో చెబుతుంది, లోటు లేని చోటు ఏదో కూడ దానితోపాటే బయటపెడుతుంది.

బుద్ధిని కొలిచే పరీక్షలలో సగటు మనిషి అంకె 100గా ఉండేటట్లు ఏర్పాటు ఉంటుంది. జనంలో ఎక్కువమంది ఆ నూరు చుట్టూ గుమిగూడి ఉంటారు. దూరం పోయినకొద్దీ రెండు వైపులా పలచబడతారు. గంట ఆకారంలో గీత వస్తుంది. 70 కంటె తక్కువ వచ్చేవారు నూటికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. దీనిని బట్టి నలభైమంది ఉన్న తరగతిలో ఒకరు ఉండడం వింత కాదు. అయితే ఈ అంకె ఒక్కటే చాలదు. డబ్బు లెక్క చూచుకోవడం, ఒంటరిగా ప్రయాణం చేయడం, నలుగురితో మాటలాడడం వంటి రోజువారీ పనులలో ఎంత ఇబ్బంది ఉన్నదో కూడ చూస్తారు. ఆ ఇబ్బంది ఎదిగే వయసులోనే మొదలై ఉండాలి. అంతర్జాతీయ పోటీలకు బుద్ధి పరీక్షలో అంకె 75గాని, అంతకు తక్కువగాని ఉండాలన్నది నియమం. ఈ మూడూ కుదిరితే ఆ క్రీడాకారుని టి-20 అనే తరగతిలో చేరుస్తారు. టి అంటే ట్రాకు. 20 అనేది మేధోవైకల్యానికి ఇచ్చిన సంఖ్య. దృష్టి లోపం గలవారికి 11 నుండి 13 వరకు, ఇతర వైకల్యాలకు వేరే సంఖ్యలు ఉన్నవి.

ఇంత కట్టుదిట్టంగా కొలవడానికి ఒక కథ ఉన్నది. 2000 సంవత్సరంలో సిడ్నీ నగరంలో జరిగిన పారాలింపిక్ పోటీలలో మేధోవైకల్యం గలవారి బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ దేశపు జట్టు బంగారు పతకం గెలిచింది. కొద్దివారాలలోనే ఆ జట్టులో ఆడిన కార్లోస్ రిబగోర్డా అనే పత్రికా విలేకరి అసలు సంగతి బయటపెట్టాడు. పన్నెండుమంది ఆటగాళ్లలో పదిమందికి ఏ వైకల్యమూ లేదు! పతకాలు వెనుకకు తీసుకొన్నారు. కాని అంతటితో ఆగలేదు. మోసగాళ్లను పట్టే నమ్మకమైన పద్ధతి లేదన్న కారణం మీద మేధోవైకల్యం గల క్రీడాకారులందరినీ పారాలింపిక్ పోటీల నుండి తప్పించారు. 2004 ఏథెన్స్‌లో వారు లేరు, 2008 బీజింగులో వారు లేరు. మోసం చేసినవారు పదిమంది. శిక్ష అనుభవించినవారు లోకంలోని మిగిలిన అందరూ.

ఈ తలుపు మరల తెరవడానికి శాస్త్రజ్ఞులు ఒక ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చింది. కాలు లేనివానికి పరుగు ఎందుకు కష్టమో ఎవరైనా చూచి చెప్పగలరు. బుద్ధి మందగించినవానికి పరుగు ఎందుకు కష్టం? కాళ్లు బాగానే ఉన్నవి గదా! వైకల్యం ఆ క్రీడను నిజంగా దెబ్బతీస్తుందని చూపినప్పుడే దానికి వేరే తరగతి న్యాయమవుతుంది. ఆ పనిలో ముందు నిలిచినవారు బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు. 2009 నవంబరులో నిషేధం ఎత్తివేశారు. 2012 లండన్ పోటీలలో పరుగులు మొదలైన ట్రాకు పోటీలు, ఈత, టేబుల్ టెన్నిస్ అనే మూడు క్రీడలలో వారికి చోటు దొరికింది. స్త్రీల 400 మీటర్ల పరుగు ఈ తరగతిలో 2016 రియో పోటీలలో చేరింది. అప్పటికి దీప్తికి పన్నెండేళ్లు.

ఇప్పుడు ఆ ప్రశ్నకు వద్దాము. పరుగులో బుద్ధికి పని ఏమిటి?

నూరు మీటర్ల పరుగులో పెద్దగా ఆలోచించవలసినది లేదు. తుపాకి మ్రోగగానే ఉన్న బలమంతా వెచ్చించడమే. 400 మీటర్లు అట్లా కాదు. మొదటి నుండి చివరివరకు పూర్తి బలంతో ఈ దూరం పరుగెత్తగల మనిషి ఇంతవరకు పుట్టలేదు. దీనికి కారణం కండరాలకు శక్తి అందే తీరులో ఉన్నది.

ఒక రైతు ఇంటి ఖర్చుతో దీనిని పోల్చవచ్చును. కండరం ఖర్చు పెట్టేది ఎ.టి.పి. అనే ఒకే ఒక నాణెం. అది చేతిలో ఉండేది రెండు మూడు సెకండ్లకు సరిపోయేంత. అది అయిపోతూండగానే క్రియాటిన్ ఫాస్ఫేటు అనే పదార్థం చేబదులు ఇస్తుంది. ఆ అప్పు పది సెకండ్ల లోపల హరించుకుపోతుంది. అప్పుడు గాదెలో ధాన్యం మీద పడవలసి వస్తుంది. కండరంలో గ్లైకోజెన్ రూపంలో దాచిన శర్కరే ఆ ధాన్యం. దానిని అమ్ముకోవడానికి రెండు దారులు. నిదానంగా ప్రాణవాయువుతో కలిపి పూర్తిగా దహిస్తే ఒక్కొక్క గ్లూకోజు కణం నుండి దాదాపు 30 నాణాలు వస్తవి. కాని గుండె, ఊపిరితిత్తులు ఆ ప్రాణవాయువును కావలసినంత మోసుకొని వచ్చేసరికి సమయం పడుతుంది. అవసరం ఇప్పుడే గనుక, కళ్లంలోనే అయినకాడికి అమ్మివేసినట్లు, ప్రాణవాయువు లేకుండానే దానిని చీల్చవలసి వస్తుంది. గ్లూకోజు కణానికి దక్కేది రెండే నాణాలు. వేగంగా దక్కుతవి, కాని ధాన్యం వృథా అవుతుంది, ఇల్లంతా చెత్త మిగులుతుంది.

ఆ చెత్త ఏమిటి అన్నదాని మీద పాఠ్యపుస్తకాలలో చాలా కాలం ఒక పొరపాటు నిలిచి ఉన్నది. కాళ్లు బిగుసుకొనిపోవడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని వ్రాసేవారు. ఇప్పుడు తెలిసినది అంత సులభంగా లేదు. కండరంలో ఆమ్లగుణం పెరగడం నిజమే. క్రియాటిన్ ఫాస్ఫేటు విరిగినప్పుడు విడుదలయ్యే ఫాస్ఫేటు పేరుకొని కండరపు పట్టును సడలిస్తుందన్నదీ నిజమే. లాక్టేటు మాత్రం దోషి కాదు. గుండె దానిని ఇంధనంగా వాడుకొంటుంది కూడ. మరునాటి ఒళ్లు నొప్పులకు అది కారణమనే మాట అసలే సరికాదు. పరుగు పూర్తి అయిన ఒకటి రెండు గంటలలోనే రక్తంలో లాక్టేటు మామూలు స్థాయికి వచ్చివేస్తుంది.

ఒక నిమిషంలోపు ముగిసే ఈ పరుగులో ప్రాణవాయువుతో వచ్చే శక్తి అయిదింట రెండు వంతులు, లేకుండా వచ్చేది మూడు వంతులు. ఈ కారణం చేత 400 మీటర్ల పరుగులో ఎంతటివారికైనా వేగం మొదటి నూరు మీటర్లలోనే శిఖరానికి చేరి, అక్కడి నుండి తగ్గుతూ వస్తుంది. చివరి నూరు మీటర్లలో ప్రేక్షకులకు ఎవరో ఒకరు వేగం పెంచి ముందుకు దూసుకొని వచ్చినట్లు కనిపిస్తుంది. నిజానికి వేగం పెంచినవారు ఎవరూ లేరు. అందరూ నెమ్మదిస్తున్నారు, ఆ ఒక్కరు తక్కువగా నెమ్మదించారు. పందెం గెలవడమంటే ఇక్కడ అదే. మొదటి రెండు వందల మీటర్లలో ఎంత ఖర్చు పెట్టాలి, ఎంత మిగుల్చుకోవాలి అనేది తుపాకి మ్రోగక ముందే మనసులో స్థిరపడి ఉండాలి, కాళ్లు పరుగెత్తుతూండగా ప్రతి క్షణమూ దానిని సరిచూచుకొంటూ ఉండాలి.

పక్కవారిని చూచి సరిపెట్టుకొందామంటే ఈ పరుగులో అదీ కుదరదు. గణితం ఉపాధ్యాయులకు ఈ విషయం ప్రియమైనది. ట్రాకు లోపలి లేన్ కొలత సరిగా 400 మీటర్లు: 84.39 మీటర్ల తిన్నని భాగాలు రెండు, 36.80 మీటర్ల వ్యాసార్థం గల అర్ధవృత్తాలు రెండు. వెలుపలి లేన్లకు వ్యాసార్థం పెరుగుతుంది గనుక చుట్టు కూడ పెరుగుతుంది. లేన్ వెడల్పు 1.22 మీటర్లు, దానిని 2π చేత గుణిస్తే 7.67 మీటర్లు. లోపలి లేన్‌ను గట్టు నుండి 30 సెంటీమీటర్ల దూరాన, మిగతావాటిని గీత నుండి 20 సెంటీమీటర్ల దూరాన కొలుస్తారు గనుక రెండవ లేన్‌కు మాత్రం పెరుగుదల 7.04 మీటర్లే. ఈ తేడా పూడ్చడానికి వెలుపలివారిని ముందుకు జరిపి నిలబెడతారు. ఎనిమిదవ లేన్‌లోని మనిషి మొదటి లేన్ కంటె 53.03 మీటర్లు ముందు నిలుస్తుంది. ఆమెకు చాలాసేపటి వరకు ఎదుట ఎవరూ కనబడరు. మొదటి లేన్ మనిషికి అందరూ ముందే పోతున్నట్లుంటుంది. ఎవరు నిజంగా ముందున్నారో చివరి మలుపు తిరిగి తిన్నని బాటలోకి వచ్చేవరకు తేలదు. ఇటలీ, ఆస్ట్రియా పర్వతాలలో మంచు మీద జారే పందెగాళ్లు ఒక్కొక్కరుగా కొండ దిగుతారు, వారి పోటీ గడియారంతోనే. ఎనిమిదిమంది మధ్య పరుగెత్తినా 400 మీటర్ల పరుగు మూడు వంతులు అటువంటి ఒంటరి పోటీయే.

లూవెన్ పరిశోధకులు చూపినది ఇక్కడికి సరిపోతుంది. మేధోవైకల్యం గల మేటి పరుగుగాళ్లనూ, వైకల్యం లేని పరుగుగాళ్లనూ తీసుకొని, ముందుగా నిర్ణయించిన ఒక మోస్తరు వేగాన్ని తప్పకుండా పరుగెత్తమన్నారు. మొదటివారి వేగం ఆ గురి నుండి ఎక్కువగా తొలగింది. కాళ్లలో సత్తువ లేక కాదు. కాలాన్ని అంచనా కట్టడం, తన ఒంట్లో అలసటను చదువుకోవడం, మిగిలిన దూరంతో దానిని పోల్చడం, ఇవన్నీ బుద్ధి చేసే పనులు.

దీని కష్టం తెలుసుకోవడానికి జనగామ గాని, మహబూబాబాదు గాని, భూపాలపల్లి గాని, ఏ ఊరి పాఠశాల మైదానమైనా చాలు. సున్నంతో 100 మీటర్లు గీసి, పిల్లలను ఒక్కొక్కరినే సరిగ్గా 25 సెకండ్లలో చేరమని చెప్పాలి. గడియారం ఉపాధ్యాయుని చేతిలోనే ఉండాలి. ఒకసారి కాలం చెప్పి, మరల పరుగెత్తించాలి. మూడు నాలుగు సార్లలో కొందరు గురికి దగ్గరపడతారు, కొందరు పడరు. లెక్కలలో మొదటివాడు ఇక్కడా మొదటివాడుగానే ఉంటాడని అనుకోరాదు. ఈ తప్పుల సగటును ఒక్కొక్క పిల్లవానికి గీత గీసి చూపితే, తరగతికి ఒక మంచి గణాంక పాఠం కూడ అవుతుంది.

లోటు ఉన్నదని తెలిసినప్పుడు దానిని అభ్యాసంతో పూడ్చే దారి కూడ తెలుస్తుంది. ఇటువంటి క్రీడాకారులకు శిక్షణ ఇచ్చేవారు పొడుగు ఉపన్యాసాలు మానివేస్తారు. ఒకసారికి ఒకే మాట చెబుతారు, చేసి చూపుతారు, అదే వరుసలో అనేక దినాలు చేయిస్తారు. ఏ మలుపు దగ్గర ఎంత వేగం అనేది ఆలోచన నుండి అలవాటులోకి దిగిపోవాలి. సైకిలు తొక్కడం వచ్చినవాడు తొక్కేటప్పుడు లెక్కలు వేయనట్లే, అలవాటయిన వేగాన్ని కాళ్లే గుర్తుంచుకొంటవి. అందుకు శిక్షకునికి కావలసినది ఓర్పు. దీప్తి విషయంలో రమేష్ చూపినది అదే.

ఫలితాలను అంకెలలోనే చూడవచ్చును. 2023 అక్టోబరులో చైనా దేశపు హాంగ్‌ఝౌ నగరంలో జరిగిన ఆసియా పారా క్రీడలలో ఆమె 56.69 సెకండ్లతో బంగారు పతకం గెలిచింది. ఆ గెలుపుతో వచ్చిన డబ్బుతో, అమ్ముకొన్న భూమిని ఆ కుటుంబం తిరిగి సంపాదించుకొన్నది. ఏడు నెలల తరువాత కోబేలో ప్రాథమిక పోటీలో 56.18, అంతిమ పోటీలో 55.07. అంటే హాంగ్‌ఝౌలో పరుగెత్తిన దీప్తినీ కోబేలో పరుగెత్తిన దీప్తినీ పక్కపక్కన నిలిపి పందెం పెడితే, రెండవ ఆమె గీత దాటేసరికి మొదటి ఆమె ఇంకా 11 మీటర్లు వెనుక ఉంటుంది. ఇరవై ఏళ్ల వయసులో, ఆ స్థాయిలో, ఇంత తక్కువ కాలంలో ఇంత మెరుగు కావడం సామాన్యం కాదు.

ఆ కోబే పందెంలో రెండవ స్థానంలో వచ్చినది టర్కీ దేశపు ఐసెల్ ఓండర్, 55.19 సెకండ్లతో. మూడు నెలలు గడిచేసరికి పారిస్ పారాలింపిక్ పోటీల ప్రాథమిక పరుగులో ఆమె 54.96 సెకండ్లలో గీత దాటి దీప్తి రికార్డును చెరిపివేసింది. దీప్తి తన ప్రాథమిక పరుగు 55.45 సెకండ్లలో ముగించింది. 2024 సెప్టెంబరు 3న అంతిమ పోటీ. ఉక్రెయిన్ దేశపు యూలియా షులియార్ 55.16తో మొదట, ఓండర్ 55.23తో తరువాత, దీప్తి 55.82తో మూడవదిగా వచ్చారు. దీప్తి, ఓండర్ ఇద్దరూ తమ ప్రాథమిక పరుగుల కంటె నెమ్మదిగా పరుగెత్తారు. ఒకనాడు ఒళ్లు హూనం చేసుకొని, మరునాడే మరల అదే పని చేయవలసి రావడం ఈ పందెంలోని పెద్ద బాధ. ఎవరు తక్కువ నష్టపోతారో వారిదే గెలుపు.

ఆ కంచు పతకంతో మేధోవైకల్యం గల విభాగంలో పారాలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయురాలు దీప్తి అయింది. తెలంగాణ ప్రభుత్వం ఆమెకు కోటి రూపాయలు, గ్రూపు-2 ఉద్యోగం, వరంగల్లులో 500 గజాల స్థలం, శిక్షకునికి 10 లక్షలు ప్రకటించింది. అర్జున పురస్కారం 2025 జనవరిలో రాష్ట్రపతి చేతుల మీదుగా అందింది. ఒకప్పుడు బిడ్డను వదలివేయమని సలహా చెప్పినవారు ఇవి చూచి ఏమనుకొన్నారో గాని, అప్పుడు ఆ మాట వినని తలిదండ్రులకు మాత్రం ఏ ప్రభుత్వమూ పతకం ఇవ్వలేదు.

2025లో ప్రపంచ పోటీలు మన దేశంలోనే, న్యూఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జరిగినవి. దీప్తి 55.16 సెకండ్లలో పరుగు ముగించింది. పారిస్‌లో బంగారు పతకం తెచ్చిన కాలం సరిగ్గా అంతే. ఢిల్లీలో మాత్రం అది వెండి పతకానికే సరిపోయింది. ఓండర్ 54.51 సెకండ్లలో గీత దాటింది. పారిస్‌లో బంగారు పతకానికీ దీప్తికీ ఉన్న ఎడం 66 శతాంశాలు, ఢిల్లీలో 65. దూరంగా చూస్తే రెండు చోట్లా ఇంచుమించు 4.7 మీటర్లు, ఆమె అడుగులలో రెండు మూడు.